తెరల కింద ఎర్రపూల చిక్కుళ్ళు

మా ఊళ్ళో బొగ్గుగని మూతపడి చాలా కాలమైంది గానీ, గనివాళ్ళ కోసమని అప్పట్లో ఇచ్చిన కూరగాయల మళ్ళు మాత్రం ఇంకా మిగిలాయి. సముద్రం వైపు వాలులో ఇంటికొక మడి. కంచెలు లేవు. కానీ పక్కవాడి సాల్లో కాలు పడిందంటే ఆ రెండిళ్ళ మధ్యా మాటలుండవు. నా మడికి ఎడమపక్కది సెప్, ఎనిడ్‌లది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే సగం సెప్‌ది, సగం ఎనిడ్‌ది. మధ్యలో ఒక చెక్కపలక పాతి ఉండేది. మొగుడూ పెళ్ళాల మధ్య ఆ పలకేమిటని కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను నవ్వలేదు. నాకూ ఒక మొగుడుండేవాడు.

సెప్ సగంలో లీక్స్ తప్ప ఇంకేమీ ఉండేవి కావు. సెప్టెంబరులో మా క్లబ్బులో లీక్స్ పోటీ జరుగుతుంది. ఉల్లికాడకి పెద్దన్నలాంటి ఆ లావుపాటి కాడల్ని కడిగి, తుడిచి, నల్లగుడ్డ మీద పడుకోబెట్టి, టేపు పెట్టి లావు కొలుస్తారు. సొంత పిల్లల పుట్టినరోజులు గుర్తులేని మగవాళ్ళకి ఏ ఏడు ఎవరి లీక్ ఎంత లావో గుర్తుంటుంది. సెప్ వాళ్ళల్లో మొదటివాడు. లీక్స్‌కి జబ్బు చేస్తే అన్నం మానేసే రకం.

ఎనిడ్ సగంలో చిక్కుళ్ళు. పందిరి ఎక్కేవి కాదు, నడుమెత్తు నిలువుగా పెరిగే జాతి. అందరి చిక్కుళ్ళకీ తెల్లపూలు పూస్తాయి. ఎనిడ్‌వి ముదురు ఎరుపు. వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన విత్తనం అది. తేనెటీగలు పక్క మళ్ళలోంచి వేరే పుప్పొడి తెచ్చి కలిపేస్తే రెండేళ్ళలో ఎరుపు పోతుంది. అందుకని ఎనిడ్ పూత వేళకి పాత కిటికీ తెరలు తెచ్చి సాలంతా కప్పేసేది. తెరల కింద దూరి, చిన్న కుంచెతో పూలని తనే తట్టేది. దూరం నుంచి చూస్తే ఎవరింటి కిటికీయో పొలంలోకొచ్చి పడుకున్నట్టుండేది. ఆ విత్తనం ఎవరికీ ఇచ్చేది కాదు. "ఇస్తే నువ్వు తెరలు కప్పవు బెరిల్, బద్ధకిష్టివి" అని నా మొహమ్మీదే అంది. నాకు కోపమొచ్చింది. కానీ ఆవిడ అన్నది నిజమే, నేను కప్పను.

ఎనిడ్ కిందటి నవంబరులో పోయింది. అంతకు ముందు వసంతమంతా ఆస్పత్రి చుట్టూ తిరగడంతో ఆ ఏడు చిక్కుళ్ళు వెయ్యలేదు. విత్తనాలు మడి దగ్గరి గుడిసెలో, కోకో డబ్బాలో ఉండిపోయాయి. ఫిబ్రవరి ఆఖర్లో సెప్ ఆ డబ్బా చేత్తో పట్టుకుని నా దగ్గరకొచ్చాడు. మూత వదులుగా ఉంది. లోపల ఎలకలు తిన్న పొట్టు, దాని అడుగున గుప్పెడు గింజలు.

"ఇవే మిగిలాయి," అన్నాడు.

"పోన్లే, గుప్పెడు చాలు. సగం వెయ్యి, సగం దాచు. ఏదైనా అయితే వచ్చే ఏడు మళ్ళీ మొదలెట్టొచ్చు."

"అన్నీ వేస్తాను."

"నీకు తిక్కా? విత్తనం మొత్తం ఎవరైనా ఒకేసారి వేస్తారా?"

"ఎనిడ్ సాలు ఈ కొయ్య నించి ఆ కొయ్యదాకా ఉండేది. సగమేస్తే మధ్యలో ఆగిపోతుంది. ఆవిడ సాలు సగంలో ఆగిపోవడం నేను చూళ్ళేను, బెరిల్."

డబ్బా అందుకుని మూత బిగించాను. తిరిగి వాడి చేతిలో పెట్టాను. వాదించకుండా వదిలెయ్యడం నాకు అలవాటున్న పని కాదు.

మార్చి మొదట్లో క్లెమ్ ట్రాక్టరు తొట్టెలో గుర్రాల పెంట తెచ్చాడు. క్లెమ్ మంచివాడు. కొండ మీది గుర్రపుశాలలో పనిచేస్తాడు, ప్రతి వసంతంలో మా అందరికీ ఊరికే తెచ్చి పోస్తాడు. సెప్ వాటా ఎప్పుడూ పెద్దది. ఆ గుట్ట మొత్తం తన లీక్స్ వైపుకే తోసుకునేవాడు. పలకకి ఇవతల, ఎనిడ్ వైపు, ఒక్క తట్ట కూడా పడేది కాదు. ఎనిడ్ ఏనాడూ అడగలేదు. "నా చిక్కుళ్ళకి ఇదంతా ఎందుకు, నువ్వే వేసుకో" అనేది. నేను నా మడిలోంచి వినేదాన్ని.

ఈసారి సెప్ బండి తోసుకుంటూ పలక దాటి ఇవతలికొచ్చాడు. ఒక బండి దింపాడు, ఇంకో బండి తెచ్చాడు. పారతో సాలు పొడవునా పరిచి, మట్టిలో కలిపి, మళ్ళీ పైన పరిచాడు. వయసు మీదపడ్డ మనిషి, ఆ గాలిలో చొక్కా తడిసేలా చెమట పట్టింది. లీక్స్ వైపు ఒక్క పార కూడా వెయ్యలేదు.

"సెప్, చిక్కుడికి అంత ఎరువు అక్కర్లేదు. దాని తిండి అది వండుకుంటుంది," అన్నాను.

"ఆవిడా అదే అనేది."

"మరి?"

"నా కోసం అనేది బెరిల్. నన్ను నొప్పించకూడదని. ఇన్నేళ్ళూ మంచిదంతా నా లీక్స్‌కే దోచిపెట్టాను. ఒక్క ఏడైనా తనకి తన వాటా దక్కనీ."

ఎనిడ్ ఎవర్నీ నొప్పించకూడదని మాట్లాడే మనిషి కాదని నాకు తెలుసు, ఊరంతటికీ తెలుసు. ఒక్క మొగుడికే తెలియలేదు. అయినా ఎక్కువ ఎరువేస్తే మహా అయితే ఆకు ఎక్కువొచ్చి కాయ తగ్గుతుంది, పోనీలే అనుకున్నాను. గుడ్‌ఫ్రైడే నాడు అందరితో పాటు నా బంగాళాదుంపలు నేను వేసుకున్నాను, అదే పెంట వేసి.

మొలకలు బాగానే వచ్చాయి. వేసిన గింజల్లో ఒకటీ రెండూ తప్ప అన్నీ నేలని పగలగొట్టుకుని లేచాయి. సెప్ మోకాళ్ళ మీద కూచుని ఒక్కోదాన్నీ చూసేవాడు. ఫ్లాస్కులో టీ తెచ్చుకుని, ఎప్పుడూ లీక్స్ వైపు తిప్పి వేసుకునే కుర్చీని ఇటు తిప్పి వేసుకున్నాడు. పొద్దున్నే వచ్చేవాడు. నత్తల్ని చేత్తో ఏరి డబ్బాలో వేసేవాడు. ఎనిడ్ పోయాక ఆ మనిషి నవ్వగా చూడటం అదే మొదలు. పూతకి ముందే తెరలు తెచ్చాడు. వాటిని ఇంట్లో ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చాడు. పొలంలో కప్పే తెరలకి ఇస్త్రీ ఏమిటయ్యా అని నేను వేళాకోళం చేస్తే, "ఆవిడ చేసేది" అన్నాడు. ఆవిడ చెయ్యలేదు. నేను మాట మార్చాను.

ఏప్రిల్ చివర్లో ఒకరోజు నన్ను పిలిచాడు. "బెరిల్, ఇలా ఓసారి రా. చలికి ముడుచుకున్నాయా ఇవి?"

వెళ్ళి తెర ఎత్తి చూశాను.  కొత్త ఆకులు విచ్చుకోలేదు. అంచులు లోపలికి చుట్టుకుని, పసిపిల్ల పిడికిలిలా బిగుసుకుపోయాయి. కాడ మెలి తిరిగింది. చలికి ఆకు నల్లబడుతుందిగానీ ఇలా మెలికపడదు. ఇది కలుపుమందు. పచ్చికబయళ్ళలో కలుపు చావడానికి ఒక మందు కొడతారు. ఆ గడ్డి గుర్రాలు తింటే గుర్రాలకేమీ కాదు. మందు మాత్రం పెంటలో అలాగే ఉంటుంది. ఆ పెంట చిక్కుళ్ళకో టమాటాలకో వేస్తే ఇక అంతే. చాలా ఏళ్ళ కిందట ఒకసారి మా మళ్ళు సగం ఇలాగే పోయాయి. నేను పరుగున వెళ్ళి నా బంగాళాదుంపలు చూసుకున్నాను. అవీ ముడుచుకున్నాయి. నాకేం, కొట్టుకెళ్తే ఇంకో సంచీ దుంపలొస్తాయి.

సెప్‌కి నేనే చెప్పాను. ఇంకెవరు చెప్తారు? చెప్తున్నంతసేపూ ఆకు మీద వేలు రాస్తూ కూచున్నాడు, వేలితో రాస్తే విచ్చుకుంటుందన్నట్టు.

"నీళ్ళు బాగా పోస్తే?" అన్నాడు.

"మందు కొట్టుకుపోవచ్చేమో. చూద్దాం."

చూశాం. రోజూ సముద్రంగాలిలో బిందెలు మోశాడు. పైన పరిచిన పెంటనంతా గోళ్ళతో గీరి తీశాడు. కానీ తవ్వి కలిపిందాన్ని ఎలా తీస్తాం? మొక్కలు జానెడు కూడా పెరగలేదు. అక్కడక్కడ రెండు మూడు ఎర్రపూలు పూశాయి, తొడిమ దగ్గరే రాలిపోయాయి. సెప్ కుంచె పట్టుకుని తెర కింద దూరి, రాలిన పూలని చూసి, కుంచె జేబులో పెట్టుకుని బయటికొచ్చేవాడు.

క్లెమ్ వచ్చాడు. గుర్రపుశాలవాళ్ళు ఈ శీతాకాలం ఎండుగడ్డి కొత్త చోట కొన్నారట. వాడికీ తెలియదు. టోపీ చేతుల్లో నలుపుతూ, "నేనే చంపాను సెప్, నన్ను తిట్టు" అని ఏడ్చాడు. నాకైతే తిట్టాలనే ఉంది, రెండు తిట్లు నోటిదాకా వచ్చాయి కూడా.

"నువ్వు తెచ్చి పోసి వెళ్ళావు. వేసింది నేను," అన్నాడు సెప్. క్లెమ్‌కి ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాడు.

క్లెమ్ వెళ్ళాక నా వైపు తిరిగి అడిగాడు. "బెరిల్, ఎనిడ్ మా వంటింటి కిటికీలో కుండీలు పెట్టేది. ప్రతి మార్చిలోనూ, క్లెమ్ వచ్చి వెళ్ళగానే. వాటిల్లో చిక్కుడు గింజలే వేసేది. పెంట కంపు అని నేను గొడవచేసేవాణ్ణి. ఎందుకు పెట్టేదది?"

ఈ ప్రశ్న ఎప్పుడో వస్తుందని నాకు తెలుసు. అబద్ధం చెప్దామనే అనుకున్నాను. ముందే మొలకెత్తించడానికనో, కిటికీకి పచ్చగా ఉంటుందనో చెప్పొచ్చు. కానీ ఆ మనిషి నా మొహంలోకి చూస్తున్నాడు.

"పెంటని పరీక్ష చెయ్యడానికి," అన్నాను. "మళ్ళు పాడైన ఆ ఏటి నించీ పెట్టేది. పెంటలో కొట్లో కొన్న గింజలు రెండు వేసి, ఆకు సరిగ్గా విచ్చుకుంటే వచ్చి అందరికీ వేసుకోమని చెప్పేది. ఆవిడ చెప్పేదాకా ఇక్కడెవరూ పార ఎత్తేవాళ్ళు కాదు. నువ్వు తప్ప."

"ఈ ఏడు ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదు. ప్రతిసారీ ఆవిడే పెట్టేది కదా సెప్. ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు."

తల ఊపాడు.  పలకకి అవతల లీక్స్ నీలిపచ్చగా నిలబడి ఉన్నాయి. వాటిని ఇప్పుడే చూసినట్టు చూశాడు.

"నేను ఎప్పట్లాగే వాటికే వేసుంటే?"

నేను వంగి కాళ్ళ దగ్గర కలుపు పీకడం మొదలెట్టాను.

"చెప్పు బెరిల్. పరీక్ష లేకుండానే వేసుంటే. నా లీక్స్‌కి."

"ఏమీ అయ్యేది కాదు," అన్నాను. "ఆ మందు గడ్డిజోలికీ ఉల్లిజోలికీ పోదు."

"చిక్కుళ్ళు?"

"అవీ బాగుండేవి."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది, వాడికి రాలేదు. ఆవిడ బతికినన్నాళ్ళూ తన వంతు కాని దాన్ని లాక్కుని భార్యకి ఏ నష్టమూ చెయ్యని మనిషి, ఒక్కసారి ప్రేమగా ఇచ్చి ఆవిడ మిగిల్చినదంతా పోగొట్టుకున్నాడు. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎనిడ్ ఉంటే మొగుణ్ణి నాలుగు దులిపేది, తర్వాత ఇద్దరూ కలిసి ఇంటికెళ్ళేవాళ్ళు. వాడికి ఆ తిట్లు కూడా లేకుండా పోయాయి.

మే గడిచింది. మొక్కలు ఒక్కొక్కటే ఎండిపోయాయి. తెరలు తీసెయ్యమని నేను అనలేదు, సెప్ తియ్యలేదు. గాలికి లేవకుండా అంచుల మీద రాళ్ళు పెట్టాడు. పొద్దున్నే రావడం మాత్రం మానలేదు. కుర్చీ కూడా ఇటువైపే ఉంది.

నిన్న, పోటీకి ఇంకో నెల ఉందనగా, క్లబ్బులో కొలతలు తీసే పెద్దాయన ఇటుగా వెళ్తూ ఆగాడు. పలకకి అవతలి సగాన్ని చూసి ఈలవేశాడు.

"అబ్బో, సెప్. ఇన్నేళ్ళలో నీ దగ్గర ఇంత లావువి చూళ్ళేదు. ఈసారి బహుమతి నీ ఇంటికే. రహస్యం చెప్పవోయ్, ఏం వేశావ్ వీటికి?"

సెప్ కుర్చీలోంచి లేచాడు.

"వీటికేమీ వెయ్యలేదు," అన్నాడు. "ఉన్నదంతా ఆవిడకే వేశాను."

అని వంగి, గాలికి జరిగిన తెర అంచుని లాగి, రాయి సరిగ్గా పెట్టాడు.