నీటిచుక్క నీడ

నీళ్ళ ప్లాంటులో పరీక్షలు చేసే ఆవిడని పేటంతా ల్యాబమ్మ అనే పిలిచేది. పిల్లలు వరసపెట్టి కడుపునొప్పితో మంచానపడుతుంటే, ఆవిడ కుళాయి నీళ్ళు మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, పురుగులున్నాయని మేనేజరుకి చెప్పింది. ఆయన చెవిన పెట్టలేదు. మళ్ళీ చెప్పేసరికి ఆవిడని సామాన్ల గదికి మార్చి, ల్యాబుకి తాళం వేయించాడు. మైక్రోస్కోపు లేకపోతే ఆవిడ నోరు దానంతటదే మూతపడుతుందనుకున్నాడు.

ల్యాబమ్మ సంగతి ఆయనకి తెలీదు. ఒకరు వద్దన్నారంటే, ఆ పని చేసేదాకా ఆవిడకి ముద్ద దిగదు.

తిన్నగా ఆడపడుచు కొట్టుకి వెళ్ళింది. ఆ పిల్ల ఫోన్లు బాగుచేస్తుంది. మాట దురుసు, చెయ్యి మాత్రం మహా నెమ్మది. విషయమంతా, ఫోను కెమెరా లెన్సు తీసి దాంతోనే నీళ్ళు చూద్దామన్న వదిన ఆలోచనా విని, ఒక పగిలిన ఫోను బల్లమీద పెట్టి, "లెన్సు పీకేస్తే బొమ్మెలా వస్తుంది వదినా?" అని అడిగింది.

ల్యాబమ్మ దీపం వెలుగులో చెయ్యి పెట్టి చూపించింది. గోడకి దూరంగా ఉంటే నీడ అలుక్కుపోతోంది. ఆనించి పెడితే వేళ్ళు విడివిడిగా కనిపిస్తున్నాయి. నీటిచుక్కని కెమెరా సెన్సారు మీదే పెడితే, అందులో ఉన్నదాని నీడ నేరుగా దానిమీదే పడుతుందని చెప్పింది. సెన్సారులో వెలుగుని పట్టే గళ్ళు ఆ పురుగుకన్నా చాలా చిన్నవి, కాబట్టి ఆ నీడని తెరమీద ఎంతైనా పెద్దది చేసుకోవచ్చు.

లెన్సు ఊడబెరికారు. మొదటి చుక్కకే నీళ్ళు లోపలికి దిగి ఫోను చచ్చింది. ఇంకోదానికి సెన్సారు అంచులన్నీ గోళ్ళరంగుతో మూశారు. ఈసారి బొమ్మ వచ్చింది గానీ వట్టి మసక. చుక్క కింద పెట్టిన గాజుపలక మరీ మందం. ఆడపడుచు విసుక్కుంటూనే దాన్ని తీసేసి, సెన్సారుని అంటిపెట్టుకున్న పల్చటి గాజుమీదే చుక్క వదిలింది. ఫోను తెర బయటికి కనిపించేలా మొత్తాన్ని అట్టపెట్టెలో పెట్టి, పైన రేకుకి సూదితో బెజ్జం పొడిచి, అందులోంచి చిన్న లైటు వేసింది.

తెరమీద సన్నటి నీడొకటి మెలికలు తిరిగింది.

ఆడపడుచు లేచి, మూలనున్న తాగేనీళ్ళ డబ్బా ఎత్తుకెళ్ళి వీధిలో పారబోసి వచ్చింది.

నీళ్ళలో పురుగులన్న మాట పేటంతా పాకి గొడవ ముదరడంతో మేనేజరు ప్లాంటు హాల్లో అందర్నీ సమావేశపరిచాడు. కుళాయి నీళ్ళ జగ్గు ముందు పెట్టుకుని, ఇంత శుభ్రమైన నీళ్ళు ఎక్కడా దొరకవన్నాడు. ల్యాబమ్మ అట్టపెట్టెతో లేచి, జగ్గులోంచి ఒక్క చుక్క ఇమ్మని అడిగింది. అనుమతి లేకుండా ఈ ఆవరణలో పరీక్షలు కుదరవన్నాడాయన.

"సరే, గేటు బయట చేస్తాను," అని ఆవిడ జగ్గు తీసుకుని నడిచింది. హాలు హాలంతా వెనకే కదిలింది.

ఎదురుగా ఉన్న దర్జీ తన బల్ల ఖాళీ చేసిచ్చాడు. మొదటి చుక్కలో ఏమీ లేదు. రెండోదాంట్లో నలకలు. మేనేజరు పెదవుల మీద చిరునవ్వు మొదలైంది. ల్యాబమ్మ చెయ్యి ఆపలేదు. జగ్గు బాగా కుదిపి, అడుగునుంచి ఇంకో చుక్క తీసింది. ఈసారి తెరమీద నీడ వంకర్లు తిరిగింది, పక్కన ఇంకోటి.

బిడ్డని భుజాన వేసుకున్న ఒక తల్లి ముందుకొచ్చి తెరవంక చూసింది.

"ఇవేనా నా బిడ్డకి తాగించింది?" అని మేనేజరునే అడిగింది.

రేపు చూద్దామని ఆయన లోపలికి నడిచాడు. జనం మాత్రం కదల్లేదు. ట్యాంకు తెరిపించేదాకా గేటు ముందే కూర్చున్నారు. తెరిచి చూస్తే మూత పగిలిపోయి ఉంది, అడుగున మోకాలిలోతు బురద. ట్యాంకు కడిగించాక పిల్లలు మెల్లగా తేరుకున్నారు.

మేనేజరు ఉద్యోగం పోలేదు. ల్యాబమ్మ మాత్రం రోజూ గేటు ఎదురుగా బల్ల వేసి, అడిగినవాళ్ళకి ఆ అట్టపెట్టెతో నీళ్ళు పరీక్షించి చూపిస్తూనే ఉంది. కొన్నాళ్ళకి ఆయనే ల్యాబమ్మని పిలిపించి, మైక్రోస్కోపు సిద్ధంగా ఉందనీ, గేటు దగ్గర బల్ల ఒక్కటీ తీసేస్తే రేపే చేరొచ్చనీ చెప్పాడు.

"రేపే చేరతాను. బల్ల మాత్రం తీయను," అంది ల్యాబమ్మ. "చూడ్డానికి ఇబ్బందైతే మీరు వెనక గేటులోంచి రండి."

తాళంచెవి కోసం చెయ్యి చాపింది. ఆయన ఇచ్చేదాకా వెనక్కి తీసుకోలేదు.