మార్చి పద్దెనిమిది, సున్నా

సున్నా వేయడానికి ఏం కష్టం? పెన్ను ఒక చుట్టు తిప్పితే అయిపోయె. హీర్యా ఇరవై రెండేళ్లుగా తిప్పుతూనే ఉన్నాడు.

మానుకోట దిక్కు ఒక మండలాఫీసులో వాన కొలిచే పని అతనిది. ఆఫీసు వెనక ముళ్లకంచె కట్టిన కాస్త జాగాలో, సిమెంటు దిమ్మె మీద గరాటా మూతి డబ్బా ఒకటి ఉంటుంది. పొద్దున ఎనిమిదిన్నరకు అందులోని సీసా తీయాలి, నీళ్లుంటే గీతల గ్లాసులో పోసి చూడాలి, ఎన్ని మిల్లీమీటర్లో రిజిస్టర్లో రాయాలి. కంప్యూటర్ ముందు కూర్చునే దినేశ్ ఆ అంకెను మానుకోట జిల్లా ఆఫీసుకు పంపుతాడు. అంతే నౌకరి. ఇంతమాత్రం పనికి కూడా ఇరవై రెండేళ్లుగా పర్మినెంటు చేయలేదు, ఆ ఏడుపు వేరే.

అతనికి ముందు ఈ పని చేసిన మల్లేశం దిగిపోతూ ఒక కిటుకు చెప్పి పోయాడు.

"సలి పోయినంక ఉగాది దాక ఏం వాన పడతదిరా? దినాం పోయి ఎండిన సీస మొకం జూస్తవా? నెల మొదటి తారీఖునాడే కిందిదాక సున్నలు ఏసి పడెయ్. ఆరాంగుంటవ్."

హీర్యా మరీ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు, మొదటి ఏడాది రోజూ పోయి చూశాడు. నెలంతా ఎండిన సీసా. చూసీ చూసీ విసుగొచ్చింది. ఆ తర్వాత మార్చి ఒకటో తారీఖు రాగానే ముప్పై ఒక్క సున్నాలు, పై నుంచి కిందికి, చక్కగా, ఒకే సైజులో. తనిఖీకి వచ్చిన సార్లు కొట్టివేతలు లేవని, దస్తూరి బాగుందని మెచ్చుకున్నారు కూడా. మెచ్చుకోరూ మరి! చూడకుండా రాసింది ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది.

ఈ ఏడు మార్చి పద్దెనిమిది తెల్లారుజామున రాళ్లవాన పడింది. హీర్యా బావ వాల్యా ఆ పూట తండా చివర కల్లంలో ఎండబోసిన మిరపకాయల కాడ పడుకున్నాడు. ఉరుములకు లేచి రాశి మీద టార్పాలిన్ లాగుతుండగా పిడుగు పడింది. అదే తండాలో ఉన్న హీర్యా, అక్క సీతాబాయి కేక విని, రాళ్లు నెత్తిన పడుతున్నా లెక్కచేయక ఉరికాడు. వెళ్లేసరికి వాల్యా ఒళ్లు ఒక పక్కంతా మాడిపోయి ఉంది. ఏడాది పంట నీళ్లలో తేలుతోంది.

అలాంటి పొద్దున ఎనిమిదిన్నర ఎవరికి గుర్తుంటుంది? దినేశ్‌కు గుర్తుంది. అతను మానుకోట నుంచి పది గంటల బస్సుకు దిగేసరికి మార్చి ఎండకు ఆఫీసు ముంగిలి ఆరిపోయింది. హీర్యా బల్ల మీద రిజిస్టర్ తెరిచి, పద్దెనిమిదికి ఎదురుగా ఉన్న సున్నా చూసి పంపేశాడు. అతని తప్పేముంది, రాసి ఉన్నది పంపాడు.

మూడోనాడు హీర్యా ఆఫీసుకు వచ్చి సీసా తీశాడు. బరువుగా వచ్చింది. గ్లాసులో పోసి కొలిస్తే నలభై ఒకటి. ఈ నీళ్లు చూపిస్తే, మరి సున్నా ఎవడు వేశాడని అడుగుతారు. ఒక్క సున్నా దగ్గర మొదలుపెడితే ఇరవై రెండేళ్లూ తవ్వుతారు. పర్మినెంటు చేసేవాళ్ల లిస్టు ఈ నెలలోనే తయారవుతోంది. అటూ ఇటూ చూసి నీళ్లన్నీ కంచె మొదట్లో ఒంపేశాడు. పోయిన బావ ఎలాగూ తిరిగి రాడు, ఈ అంకెతో ఎవరికేం పని అనుకున్నాడు.

పని పడింది. నెల తిరగకముందే పడింది.

దవాఖాన కాగితంలో ఒంటి మీద కరెంటుకు కాలినట్టు గాయాలున్నాయని రాశారు. ఆ చుట్టుపక్కల అడవి పందుల కోసం చేలకు దొంగతనంగా కరెంటు తీగ చుట్టేవాళ్లు ఉన్నారు. కల్లం పక్కనే ఉన్న వాల్యా చేను గట్టున పాత తీగ ముక్క ఒకటి దొరికింది. పిడుగా, తీగా అని ఎస్సైకి అనుమానం వచ్చి, ఆ రోజు వాన పడిందా అని మండలాఫీసును అడిగాడు. వానే లేదని జవాబు పోయింది. వాన లేని పొద్దున పిడుగెక్కడిది? వాల్యా కొడుకు చైతన్య ఐటీఐలో కరెంటు పని నేర్చినవాడు. ఇంకేం కావాలి? కొడుకే పందులకు తీగ పెట్టాడు, తండ్రి తగిలి చచ్చాడు అన్నారు. తండా అంతా కలిసి పోయి రాళ్లవాన పడిందని మొత్తుకుంది. తండా వాళ్లు తండా వాళ్లకు కాక ఎవరికి చెప్తారు అని కొట్టిపారేశారు.

సీతాబాయి ఆఫీసు వరండాలోకి వచ్చి తమ్ముడి చేయి పట్టుకుంది. వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకునేది తండా లంబాడీ మాటే, తెలుగు కాదు.

"భియా, వాన కొలిచేటోనివి నువ్వే గద. ఆ పొద్దు పడ్డదని ఒక్క ముక్క రాసియ్యి. నా పోరణ్ని తండ్రిని సంపినోడు అంటున్నరు."

"రాస్తలే బాయి, నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు. ఎట్ల రాస్తాడు? రాయాల్సింది చూడకుండానే రాసేశాడాయె.

తహసీల్దారు మేడం చెడ్డది కాదు, అది కూడా చెప్పుకోవాలి. ఒకసారి చూద్దామనే అన్నది. ఈ తారీఖున ఈ మండలంలో ఇలాంటి వానలు పడే అలవాటుందా లేదా, ఇరవై ఏళ్ల లెక్క తీసి ఒక్క కాగితం మీద పెట్టమని హీర్యాకే పురమాయించింది.

హీర్యా పాత రిజిస్టర్ల దుమ్ము దులిపి, స్కేలుతో గీతలు కొట్టి రాయడం మొదలుపెట్టాడు. మార్చి పద్దెనిమిది, సున్నా. కిందది, సున్నా. ఆ కిందది కూడా సున్నా. ఒక ఏడు గాలివానకు బడి రేకులు లేచిపోయి గదిలో పడిన రోజు అదే. తను పిల్లలను బయటికి లాగాడు, చేతికి గాటు పడింది, మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రోజు సున్నా. ఇంకో ఏడు రాళ్లవానకు మామిడి పిందెలన్నీ రాలితే తండా ఆడవాళ్లు గంపలకెత్తి తొక్కు పెట్టుకున్నారు. ఆ రోజూ సున్నాయే. ఇరవై ఏళ్లలో ఆ తారీఖున ఆకాశం ఏం చేసిందో హీర్యాకు తెలుసు, కాగితానికి తెలియదు. ఛీ, ఏం బతుకురా నీది అని తనను తాను తిట్టుకుంటూనే చివరి వరస దాకా రాశాడు.

మేడం కాగితం చూసి నిట్టూర్చింది.

"ఇరవై ఏండ్లల్ల ఒక్కసారి గూడ పడలేదు హీర్యా. నేనేం జెయ్యను? ఊరోళ్ల మాట ఫైల్ల పెట్టలేను. ఎస్సైతోని మాట్లాడిన. తీగ వాల్యానే పెట్టుకున్నడు, ఎవ్వరి మీద అనుమానం లేదు అని మీ అక్క ఏలిముద్ర ఏసి ఇస్తే కొడుకు మీద కేసు ఉండదు. పిడుగు చావుకు సర్కారు ఇచ్చే సాయం మాత్రం రాదు. పోయి అడుగు."

వరండాలో అక్కకు ఆ మాట చెప్పాడు. సీతాబాయి భగ్గుమంది.

"దొంగ కరెంటు పెట్టుకొని సచ్చిండని నేను ముద్ర ఎయ్యాల్నా? నా మొగడు పక్కోని చేన్ల కంకి ఇరవనోడు! సున్న ఏసినోడు ఎవడు భియా? వాని పేరు చెప్పు, వాని ఇంటి ముంగట మన్ను బోస్త."

ఇక దాచలేకపోయాడు హీర్యా. కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. మల్లేశం కిటుకు, ఒకటో తారీఖు సున్నాలు, మూడోనాటి సీసా, ఒంపేసిన నీళ్లు. చెప్తూ చెప్తూ అరుగు మీద కూలబడ్డాడు.

సీతాబాయి అతని పక్కన అరుగు మీద కూర్చుంది. తర్వాత మెల్లగా అన్నది.

"ఆ పొద్దు నువ్వు నీళ్లు గారుకుంట మీ బావ తలకాడ కూసున్నవ్. నా మొగడు పీనుగై పండుకొనున్నడు. అయినా నీకు సర్ది చేస్తదని నా కొంగుతోని నీ నెత్తి తుడిసిన. ఆ తడి నీకు యాదికి రాలేదా భియా, సీస ఒంపేటప్పుడు?"

హీర్యా ఏడ్చాడు. ముఖం తుడుచుకుని లేచాడు. "ఇప్పుడే పోయి మేడంకు చెప్త. నౌకరి పోతె పాయె. సున్న నేనే ఏసిన అని చెప్త."

"పో" అన్నది సీతాబాయి. "నేను ఈడనే ఉంట."

తలుపు తోసుకుని లోపలికి పోయాడు. మేడం తలెత్తి నవ్వింది.

"వచ్చినవా? మంచిగైంది. నీ పర్మినెంటు ఫైల్ మీద ఇప్పుడే సంతకం పెట్టిన. ఇరవై రెండేండ్ల రిజిస్టర్, ఒక్క కొట్టివేత లేదు అని నా చేత్తోని రాసిన. ఇయ్యాల్నే మానుకోటకు పోతది. ఏంది, ఏమన్న చెప్పాల్నా?"

హీర్యా నోరు తెరిచాడు. చెప్తే అయిపోయేది.

"మంచినీళ్లు తేవాల్నా మేడం?" అన్నాడు.

"వద్దు. గిది మీ అక్కకు చదివి వినిపించు" అంటూ టైపు చేసిన కాగితం, ముద్ర వేసే సిరా పెట్టె అతని చేతిలో పెట్టింది.

బయటికి వచ్చాడు. సీతాబాయి అతని ముఖం చూసింది, చేతిలో కాగితం చూసింది. కాగితం అందుకుని గోడకు ఆనించింది, బొటనవేలు సిరాలో ముంచింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తమ్ముడితో తెలుగులో మాట్లాడింది.

"ఏడ ఎయ్యాలె, సారు?"