పెద్దయినోళ్ల సంగతులు

బూర్గంపాడులో చీరలకు ఫాల్సు కుట్టే జోజమ్మకు నలభై దాటాయి. ఏడాదికోసారి భర్త యోనాతో కలిసి హైదరాబాద్ దవాఖానాకు పోయి వస్తుంది. ఆమెకు పుట్టుకతోనే గర్భసంచి లేదు. చూడ్డానికి అందరు ఆడవాళ్లలాగే ఉన్నా, క్రోమోజోములు మాత్రం మగవాళ్లలో ఉండే రకం. పదిహేడేళ్లప్పుడు కడుపులో ఉన్న బీజాలు తీసేసే ఆపరేషన్ చేశారు గానీ, ఎందుకో ఆమెకు చెప్పలేదు. ఎన్నో ఏళ్లకు ఇంకో డాక్టరు విడమర్చి చెబితే తెలిసింది.

పెళ్లికి ముందే యోనాకు అంతా చెప్పేసింది. అతను తల గోక్కొని, "నేను మోటార్లు బాగుచేసేటోన్ని. గివన్నీ నాకు సమజ్ కావు. నువ్వు నాతోని ఉంటవా, గది చెప్పు" అన్నాడు.

ఈసారి డాక్టరమ్మ కొత్త మాట తెచ్చింది. "ఇలా పుట్టేవాళ్లు చాలా అరుదమ్మా. అందుకే అన్ని దేశాల డాక్టర్లం కలిసి వాళ్ల ఆరోగ్య వివరాలు ఒక రిజిస్ట్రీలో పెడుతున్నాం. పేరు, ఊరు ఉండవు, నంబరే. మీ ఇష్టముంటేనే."

జోజమ్మ మొహం ముడుచుకుంది. "అప్పుడు నన్నడగకుండనే కోసిన్రు. ఇప్పుడు నా సంగతి దేశాలన్నీ తిరగాల్నా?"

"వద్దంటే వద్దు. మీ వైద్యం ఆగదు. ఆలోచించుకోండి."

బయట బెంచీ మీద జూలూరుపాడు నుంచి వచ్చిన ద్వాలి కూర్చొని ఉంది. ఒళ్లో పసిపాప. ఒకే దిక్కువాళ్లని తెలిసి ఇద్దరూ మాటల్లో పడ్డారు. పాపకు గజ్జల్లో వాపొస్తే పరీక్ష చేశారట.

"లోపల గర్భసంచి లేదన్నరక్కా" అంది ద్వాలి. "పెద్దయితే ఎట్ల బతుకుతది అనడిగిన. డాక్టర్ల కాడ చిన్నపిల్లల వివరాలు చాన ఉన్నయట, పెద్దయినోళ్లవి తక్కువట."

జోజమ్మ యోనా వైపు చూసింది. అతను ఆమె చేతిసంచి అందుకున్నాడు. జోజమ్మ పాపను ఎత్తుకుంది.

"నా లెక్క బతుకుతది చెల్లె" అంది. "నేనూ గిట్లనే పుట్టిన."

యోనాకు తప్ప ఆ మాట ఆమె ఎవరికీ చెప్పి ఎరగదు. ద్వాలి ఆమెను తల నుంచి కాళ్ల దాకా చూసింది. తర్వాత చీర కొంగు నోటికడ్డం పెట్టుకొని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

"బిడ్డకు మాత్రం దాచకు" అంది జోజమ్మ. "సమజయ్యే వయసు నుంచి కొంచెం కొంచెం చెప్పు."

తర్వాత యోనాతో లోపలికి పోయి రిజిస్ట్రీ కాగితం మీద సంతకం పెట్టింది. మందులు, ఎముకల బలం గురించి అడిగాక డాక్టరమ్మ, "సంతోషంగా ఉన్నారా?" అంది.

"అవ్. ఈయన గురక తప్ప బాధల్లేవు."

"గది గూడ రాసుకోండి మేడం" అన్నాడు యోనా. "అన్ని దేశాల డాక్టర్లు కలిస్తే మందు దొరుకుతదేమో!"

ముగ్గురూ నవ్వారు.

అప్పటి నుంచి ద్వాలి ఫోన్ చేస్తూనే ఉంది. మొదట్లో అన్నీ భయాలే. మొన్న చేసినప్పుడు ఆ ఊసే లేదు. పాప గోడ పట్టుకొని నిలబడి, పొయ్యి కాడి పిండి గిన్నె బోర్లించిందని చెప్పి ఒకటే నవ్వు. జోజమ్మ మిషన్ ఆపేసి, "నాకు చూపియ్యవే" అని వీడియో కాల్ చేసింది.