ఇసుకలో నా వాటా

నేను ఒక వీడియో కెమెరాని. ఎక్కడో పరాయి దేశంలో పుట్టి, విశాఖలో పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ చేతుల్లో పెరిగాను. నవ్వమంటే నవ్వేవాళ్లనీ, ఏడవకపోతే బాగుండదని ఏడ్చే పెళ్లికూతుళ్లనీ చూసి చూసి, మనుషులంటే ఇంతే కాబోలు అనుకున్నాను. నా వయసు మళ్లాక సుచరిత అనే అమ్మాయి నన్ను కొనుక్కుని, డాక్యుమెంటరీ సినిమా తీద్దామని సముద్రం ఒడ్డున ఒక చిన్న పల్లెకు తీసుకెళ్లింది.

అక్కడ ఒక పెద్దవల ఉండేది. పడవలో తీసుకెళ్లి సముద్రంలో చుట్టూ వేసి, రెండు తాళ్లూ ఊరంతా కలిసి ఒడ్డు నుంచి లాగేవారు. కుర్రాళ్లు గుజరాత్ బోట్ల మీదికి పోయారు, లాగే చేతులు కరువయ్యాయి. ఆ ఏడాదితో వల అమ్మేద్దామనుకున్నారు. ఆ ఆఖరి లాగుడు నాలో పడితేనే సుచరిత సినిమాకు ముగింపు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. సుచరిత నోరు మంచిదే, కానీ వచ్చిన రోజే చెప్పులతో వల తాడు దాటింది. అన్నం పెట్టే వలని అక్కడ చెప్పుకాలితో దాటరు. వల పెద్ద గుర్రయ్య ఆ తాడు మీద పసుపునీళ్లు చల్లి పనిలో పడ్డాడు. ఆ తర్వాత నన్నెక్కడ నిలబెట్టినా నాకు కనిపించినవి వీపులే. సుచరిత చెప్పులు విడిచింది, క్షమించమంది, గుర్రయ్య భార్య పోలమ్మ పక్కన కూర్చుని నెలల తరబడి చేపలు ఎండబెట్టింది. కబుర్లు సాగేవి, నన్ను సంచీలోంచి తీయగానే ఆగిపోయేవి. నాకు ఒళ్లు మండేది.

ఆఖరి రోజు వచ్చింది. వెలుగు బ్రహ్మాండంగా ఉంది. వల బరువెక్కి తాడు వెనక్కి జారుతోంది, వదిలితే రాళ్లకు తగిలి చిరిగిపోతుంది. గుర్రయ్య తల తిప్పకుండానే అన్నాడు. "పాపా, సూసింది సాల్లే. దాన్నవతల పడేసి సెయ్యెయ్యి."

సుచరిత ఒక్క క్షణం నా వంక చూసింది. నన్ను ఇసుక మీద పెట్టేసి పరుగెత్తింది. నన్ను ఆపడం కూడా మరిచిపోయింది. నాకు వల లేదు, అల లేదు. వెనక్కి నడుస్తూ ఇసుకలో దిగబడే మడమలు, చెవినిండా "ఐలేసా", అంతే.

చేపలు పంచారు. పడవకో వాటా, వలకో వాటా, లాగినవాళ్లకు తలో వాటా. సుచరితకూ ఒక కుప్ప పడింది. పోలమ్మ నన్ను చూపించి, "మరి దీనికో?" అంది.

"అది లాగలేదు గదేటి" అని గుర్రయ్య నవ్వాడు. న్యాయమే, అయినా నాకు చిన్నతనమనిపించింది.

మర్నాటి నుంచి వీపులు ఇటు తిరిగాయి. అందరూ నా ముందు కూర్చుని మాట్లాడారు. ఆఖరి లాగుడు మాత్రం లేదు కనుక, చేసేది లేక సుచరిత ఆ కాళ్లనే సినిమా చివర పెట్టింది.

సినిమా పూర్తయ్యేలోగా గుర్రయ్య పోయాడు. ఒక సాయంత్రం చేపల వేలం షెడ్డులో తెల్లగుడ్డ కట్టి ఊరికి చూపించారు. మడమలు వచ్చేసరికి సుచరిత సిగ్గుతో తల దించుకుంది. పోలమ్మ లేచి గుడ్డ దాకా నడిచి, పగుళ్లు తేలిన ఒక మడమ మీద చెయ్యి పెట్టింది.

"ఇయి మా ముసిలోడి కాళ్లు" అంది. ఆ చెయ్యి అక్కడే ఉంచుకుని నిలబడింది. ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు.

మర్నాడు మేం బయల్దేరుతుంటే, పోలమ్మ ఎండుచేపల పొట్లం తెచ్చి సుచరిత చేతికివ్వకుండా నా సంచీలో పెట్టింది. "నువ్వూ లాగినావులే" అంది, నాతోనే.

ఇప్పుడు నేను పనిచేయను, సుచరిత అల్మరాలో ఉంటున్నాను. నా సంచీ విప్పినవాళ్లు ముక్కు మూసుకుంటారు. ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పోలేదు, పోకపోతేనే నాకు సంతోషం.