గోడ అవతల ఎర్త్ గుంత

మా బావ విజయరంగన్ కొడవలితో తెగ్గొట్టింది ఉత్త పచ్చ వైరే కదా అని వీధిలో వాళ్లు ఇప్పటికీ అంటారు. అనేవాళ్ల నోట మన్ను పడ.

బాహూరు పొలం పంపకాల్లో బావా, ఆయన తమ్ముడైన నా మొగుడూ కొట్టుకున్నాక, పుదుచ్చేరి ఇంటికి నడిమధ్యలో గోడ లేచింది. కారే కరెంటును మన్నులోకి దింపే ఎర్త్ గుంత, రెండు వాటాలకూ కలిపి ఉన్న ఒక్కటీ బావ పెరట్లోకి పోయింది. అందులోంచి ఆ పచ్చ వైరు మాత్రం గోడ మీదుగా మా వైపుకు వచ్చేది. ఐప్పసి నెల వానల్లో ఒకరోజు పొద్దున్నే ఆయన దాన్ని నరికేశాడు. తన మన్నులోకి తమ్ముడి కరెంటు దిగకూడదట. మాకు మాటమాత్రం చెప్పలేదు.

నేను పప్పు కడుగుతున్నాను. నా మొగుడు రాఘవన్ తడికాళ్లతో వెళ్లి, తిరుగుతున్న గ్రైండరు మీద చెయ్యి వేశాడు. చెమ్మెక్కిన మోటారులోని కరెంటు మన్నులోకి పోయే దారి లేక ఆయన ఒంట్లోకి దిగింది. చెయ్యి అతుక్కుపోయింది. కళ్లు తేలేసి వంకర్లు తిరిగిపోయాడు. చెక్కపీట ఎత్తి ఆయన మోచేతి మీద ఈడ్చి కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినబడింది, మనిషి ఊడి కింద పడ్డాడు. స్విచ్చి కట్టేసి చూస్తే గోడ మీద తెగిన వైరు వేలాడుతోంది.

అన్నకు తెలిసి ఉండదులే అని మూలిగాడు రాఘవన్. నా ఒళ్లు మండిపోయింది. అదే పీటతో వెళ్లి బావ భుజం మీద రెండు వేసి, చొక్కా పట్టుకుని మా వంటింట్లోకి ఈడ్చుకొచ్చాను.

“కరెంటే పోని వైరు అది. దానికేంది ఇంత రచ్చ?” అన్నాడు బావ.

అంతవరకూ ఆయన్ని మీరు అనే పిలిచాను. “అట్లనా? అయితే నువ్వు పట్టు,” అని స్విచ్చి వేసి, ఆయన చెయ్యి గ్రైండరు వైపు లాగాను. ఆయన గోడకు కాళ్లు తన్నిపెట్టాడు. నా మణికట్టు రక్తం వచ్చేలా కొరికాడు.

“వద్దు, సచ్చిపోతాను,” అని ఏడ్చాడు.

నేను వదిలేశాను.

“అన్నా, ఇట్లవుతుందని నీకు ముందే తెలుసునా?” అని అడిగాడు రాఘవన్.

బావ తల ఎత్తలేదు. రాఘవన్ నావైపు తిరిగి, వైర్‌మ్యాన్ ఏలుమలైని పిలవమన్నాడు.

“మన పక్కనే గుంత తవ్వమను. ఆ వైరు మళ్లా అతికించొద్దు.”