కొమ్మ గుచ్చని కుప్ప

మా ఆగుంబె వైపు ఎవరైనా గుట్ట మీద ఎండాకు ఊడ్చి కుప్ప పోస్తే, దాని నెత్తిన ఒక పచ్చికొమ్మ గుచ్చుతారు. కొమ్మ ఉందంటే అది ఒకరి సొత్తు, పరాయివాళ్ళు వేలు పెట్టరు. వానలు పట్టేలోపు ఆ ఆకంతా పశువుల కొట్టంలోకీ వక్కతోటలోకీ చేరాలి. ఆకు కోసం ఇక్కడ జరిగే తగాదాలు గట్టు తగాదాలకేం తీసిపోవు.

ఆ ఉదయం మా అత్త మూకాంబ గుట్ట దిగి, ఇంటికి రాకుండా నేరుగా పొరుగింటి వారిజ వంటింటి గుమ్మంలో నిలబడింది. వెనకాలే నేనూ వెళ్ళాను. మా వంతు గుట్టలో, వెదురుపొద పక్కన, దూరం నుంచి మోకాలెత్తు కుప్ప చూసిందట. కొమ్మ లేదు.

"దొంగాకు కాబట్టే కొమ్మ గుచ్చలేదు నువ్వు," అంది.

వారిజ పెనం మీద నీరుదోసె మడతపెట్టి, అప్పుడు తలెత్తింది. "మీ గుట్టలో ఊడ్చాల్సిన ఖర్మ నాకేం పట్టలేదక్కా."

"మరి ఆకులు వాటంతటవే నడిచొచ్చి కూర్చున్నాయా?"

"ఏమో, మీ నోటికి జడిసి ఒకచోట చేరాయేమో."

నాకు నవ్వాగక కొంగు అడ్డం పెట్టుకున్నాను. మా అత్త నోటి నుంచి 'నాది పొరపాటు' అన్న మాట మా మామగారు కూడా విని ఎరగరు. వారిజకది తెలుసు, ఊరందరికీ తెలుసు.

"దొంగ అని పేరెలాగూ పెట్టారు. ఇవాళ ఆ కుప్ప నేనే ఎత్తుకొస్తా. ఊరికే పేరు మోయడం దేనికి?" అంది వారిజ.

అది విన్నాక మా అత్త ఆగుతుందా? భోజనాలవగానే బుట్టలు పట్టుకుని ఇద్దరం గుట్టెక్కాం. ఆవిడ కుప్ప వైపు చీపురు చాపిందో లేదో, ఆకుల మీద చుట్టలుగా పడున్న మోకు లాంటిది పైకి లేచింది. నా గుండెల ఎత్తుకి లేచింది. సన్నటి, పొడుగాటి పడగ. బుస కూడా కాదది, కుక్క గుర్రుమన్నట్టుంది. ఒక్క ఊపున మా మీదికొచ్చి, బారెడు దూరంలో ఆగిపోయింది. కరవాలనుకుంటే కరిచేదే. పొమ్మంటోంది, అంతే.

"పరిగెత్తకు శ్యామలా. మెల్లగా వెనక్కి నడువు," అంది మా అత్త.

గిరినాగు. మేం కాళింగం అంటాం. పాముల్లో ఇలా ఆకులతో గూడు కట్టేది ఇదే. చేతుల్లేవు, చీపురు లేదు, ఒంటినే వంకీ తిప్పి ఆకులు లాక్కొచ్చి పోగేస్తుంది. లోపల గుడ్లు పెట్టి, తిండి మానేసి పైన కాపలా కూర్చుంటుంది. పిల్లలు బయటికొచ్చే ముందు వెళ్ళిపోతుంది. పాముల్నే తినే జాతి కదా, ఆకలి మీద తనని తాను నమ్మదంటారు మా మామగారు. మా ఊళ్ళో కాళింగాన్ని చూడనివాళ్ళు లేరు, దాని గూడు చూసినవాళ్ళే తక్కువ.

మేం దూరం జరిగాక అది మళ్ళీ ఆకుల మీద, మా వైపు వాలులో సర్దుకుంది. అప్పుడే పొదకి అవతలి నుంచి బుట్టతో వారిజ వచ్చింది. అటునుంచి ఆమెకి కుప్ప మాత్రమే కనిపిస్తుంది.

"అటు రాకు వారిజా. కాళింగం గూడు పెట్టింది," అంది మా అత్త.

"పొద్దున దొంగాకు, ఇప్పుడు పాముగూడా? నన్ను తరిమేసి మీరు మోసుకుపోదామనా?"

నడుస్తూనే ఉంది. నేనూ చెప్పబోయాను. "నువ్వూ మీ అత్త పాటే పాడు," అని కొట్టిపారేసింది. ఇంకో నాలుగడుగులు వేస్తే గూటి మీద ఉంటుంది.

మా అత్త చీపురు కింద పడేసింది. "ఆ ఆకు నువ్వు ఊడ్చలేదు వారిజా. నిన్ను దొంగ అన్నాను. నాది పొరపాటు. తప్పయింది తల్లీ."

వారిజ కాలు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

"అయితే నిజంగానే పాముంది," అంది మెల్లగా, వెనక్కి అడుగేస్తూ.

చుట్టూ తిరిగి మా దగ్గరికొచ్చాక, పోగొట్టుకోబోయిన మనిషి చేతికందినట్టు మా అత్త ఆమె చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. కిందికి దిగి, గూటికి దారి చీలే చోట ఆగి, పచ్చికొమ్మ ఒకటి విరిచి నేలలో గుచ్చింది.

"ఎవరి పేరునక్కా?" అంది వారిజ.

"ఊడ్చినదాని పేరున."