గోడ సందులో డబ్బా

కాగ్నా నది పొంగి పాత వంతెన మీదుగా పారిన ఏడాది అది. తాండూరు శివారులోని నాపరాళ్ల పాలిష్ యూనిట్లో జంగప్ప బండల మీది తెల్లటి బురదను చీపురుతో తోస్తున్నాడు. ఆ తెలుపు అతని గోళ్లలో, చెవి మడతల్లో ఎన్నడో స్థిరపడిపోయింది. భార్య పోయాక యూనిట్ వెనక గదే ఇల్లు.

వెనకనున్న బండల గోడ దగ్గర ఒక అమ్మాయి సందుల్లో చెయ్యి పెట్టి చూస్తోంది. అలికిడి కాగానే ఫోను చెవికి ఆనించుకుంటోంది. వికారాబాద్‌లో చదువుకునే స్నేహలత. ఏం పోయిందని అడిగితే చెవి కమ్మ అంది. రెండు చెవులకూ కమ్మలున్నాయి. చివరికి నవ్వేసి నిజం చెప్పింది. ఇదొక ఆట. ఎవరో డబ్బా దాస్తారు, ఫోను దారి చూపుతుంది. దొరికినవాళ్లు చీటీలో పేరు రాసి, ఏదో చిన్న వస్తువు వేసి, మళ్లీ అక్కడే దాస్తారు.

"ఆటైతె అందరు సూడంగ దేవులాడు బిడ్డా. దొంగసూపులు సూస్తె ఇంకేమో అనుకుంటరు."

"అందరికి తెలిస్తె ఆటేముంది తాతా? నువ్వు గూడ ఎవలకు చెప్పొద్దు," అని మాట తీసుకుని వెళ్లింది.

మధ్యాహ్నం లారీ వెనక్కి వస్తూ గోడకు తగిలింది. అమ్మాయి వెతికిన డబ్బా జారిపడింది. జంగప్ప అటూ ఇటూ చూసి, కండువా చాటున తెచ్చి సందులోకి తోశాడు. పక్క గుడిసె రాధమ్మ చూసింది. ఆమె మొగుడు పాండురంగం నెల రోజులుగా మంచం దిగలేదు.

రాధమ్మ కేకకు జనం పోగై డబ్బా విప్పారు. దారం చుట్టిన బొమ్మ, పూసలు, చీటీ. చీటీలోని పేర్ల మధ్య ఒకచోట పాండు అని ఉంది. బాణామతి, చేతబడి అన్నారెవరో.

"ఆట డబ్బా," అన్నాడు జంగప్ప.

"ఆటైతె దాసుడెందుకురా ముసలోడా? గోటీలాడె వయసా నీది? ఎవలిచ్చిన్రో చెప్పు," అన్నాడు రాధమ్మ మరిది.

అమ్మాయి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే వీళ్లు వికారాబాద్ దాకా పోతారు. మింగేశాడు.

పళ్లుంటేనే మంత్రం పలుకుతుందని ఆ వైపు పాత నమ్మకం. అతన్ని బండకు అదిమిపట్టి ముందరి పళ్లు రాయితో రాలగొట్టారు. తర్వాత వచ్చిన యజమాని, ఇక పనికి రావద్దని మాత్రం చెప్పి పోయాడు.

మర్నాడు పొద్దున్నే జంగప్ప అలవాటుగా వేపకొమ్మ వంచి పుల్ల విరిచాడు. నోటిదాకా తెచ్చి ఆగాడు. దాన్ని నల్లా పక్క బండ మీద పెట్టి, మూట చంకనెత్తుకుని, పెద్దేముల్ ఊరికి పోయే ఆటో ఎక్కాడు.

బండ మీద వేపపుల్ల పచ్చగానే ఉంది, ఎవరూ నమలకుండా.